మేనల్లుడి మేక్‌ఫైలు

మా అక్కయ్య ఊరికే ఫోను చెయ్యదు. చేసిందంటే ఎవరికో పెళ్ళయినా కుదిరి ఉండాలి, లేదా ఎవరికో గడ్డి పెట్టవలసిన పనయినా పడి ఉండాలి. ఈసారి రెండోది.

"ఏరా తమ్ముడూ, నువ్వొకసారి మండపేట వచ్చి నీ మేనల్లుడికి నాలుగు చివాట్లు పెట్టాలి. హైదరాబాదులో బంగారంలాంటి ఉద్యోగం మానేసి వచ్చి మూడు నెలలయింది. పొద్దస్తమానం ఆ కంప్యూటరు ముందే కూర్చుంటాడు. ఏం చేస్తున్నావురా అంటే 'బిల్డు చేస్తున్నానమ్మా' అంటాడు. ఏం కడుతున్నాడో, ఎక్కడ కడుతున్నాడో, ఒక్క ఇటుక కనబడదు. గట్టిగా అడిగితే మేకంటాడు. చదివించింది మేకలు కాయడానికా?"

మే నెల. కాలువలు కట్టేసిన రోజులు. నేను ముప్పై యేళ్ళు నీటిపారుదల శాఖలో గుమాస్తాగిరీ వెలగబెట్టి రిటైరైన మనిషిని గనక ఎండిన కాలువ కనబడితే బస్సు కిటికీలోంచి పూడిక ఎంత ఉందో అంచనా వెయ్యకుండా ఉండలేను. కడియం నర్సరీలు దాటి ద్వారపూడి మీదుగా వెడుతున్నంతసేపూ ఓ కన్ను కాలువ మీద వేసి, మేనల్లుడికి చెప్పవలసిన హితబోధ వల్లె వేసుకున్నాను. బాధ్యత, వయసు, పెళ్ళి, వాళ్ళ నాన్న పడ్డ కష్టం, వగైరా. చక్కని ఉపన్యాసమే. ఒక్క ముక్క కూడా ఉపయోగపడలేదు.

వెళ్ళేసరికి కుర్రవాడు చాప మీద కూర్చుని ఉన్నాడు. ల్యాప్‌టాపు కిందికి గాలి ఆడడానికి రెండు పాత పంచాంగాలు ఎత్తు పెట్టాడు. ఇంట్లో ఉన్న ఒక్క టేబిలు ఫాను మనిషి వైపు కాదు, దాని వైపు తిరిగి ఉంది. తెర మీద వరుస తరువాత వరుస పరుగెడుతోంది. వాడు మాత్రం చేతులు కట్టుకుని చూస్తున్నాడు. చూడగానే నాక్కూడా అక్కయ్య చెప్పినదే నిజమనిపించింది.

"ఏమిట్రా అది?"

"లిబ్రే ఆఫీసు మావయ్యా. నిన్న రాత్రి పదింటికి మొదలెట్టాను. ఇంకా అవుతోంది."

లిబ్రే ఆఫీసంటే మీలో కొందరు వాడే ఉంటారు. ఉత్తరాలూ లెక్కలూ రాసుకునే సరంజామా. దమ్మిడీ ఖర్చు లేదు, మెనూలు తెలుగులో పెట్టుకోవచ్చు. దాన్ని ఎలా తయారు చేశారో ఆ రాతంతా ఎవరైనా చూడవచ్చు, మార్చవచ్చు. అలాంటి వాటినే ఓపెన్ సోర్సు అంటారు. మావాడు దాన్ని కొనలేదు, కొనవలసిన అవసరమూ లేదు. తయారుగా దొరికేదాన్ని దింపుకోనూ లేదు. దాని మూలం తెచ్చుకుని, తన సొంత కంప్యూటరులో మొదటినుంచి చివరదాకా వండుతున్నాడు.

వండడమన్నది నా మాట కాదు, వాడిదే. వాళ్ళమ్మకి అర్థమయ్యేలా చెప్పమంటే అలా మొదలెట్టాడు. మనుషులు చదవగలిగేలా రాసిన ప్రోగ్రాముని సోర్సు అంటారు. యంత్రానికి ఆ భాష రాదు. దానికి తెలిసే రూపంలోకి మార్చడమే కంపైలు చెయ్యడం. చిన్న ప్రోగ్రామయితే ఒక గిన్నెలో అయిపోతుంది. పెద్దదయితే వేల ఫైళ్ళు. ఏది ముందు, ఏది తరువాత, దేనిలో ఏది కలపాలి, చివరికి అన్నిటినీ చేర్చి ఒక పెట్టెలో ఎలా పెట్టాలి, ఇదంతా యంత్రానికి పురమాయించే చిట్టాయే బిల్డు స్క్రిప్టు. పెళ్ళివంటకి పెద్ద వంటవాడు రాసి యిచ్చే జాబితా లాంటిదన్నమాట.

"పులిహోరలో తిరగమోత మారిస్తే అన్నం మళ్ళీ వార్చాలామ్మా?"

"యెందుకూ, తిరగమోత ఒక్కటి మళ్ళీ వేస్తే సరి" అంది అక్కయ్య, వంకాయలు తరుగుతూ.

"అదీ సంగతి. ఏది మారింది, దానివల్ల మళ్ళీ ఏదేది చెయ్యాలి, ఏది అక్కర్లేదు, ఇది కనిపెట్టి చెప్పేదే మేక్. మేక కాదు."

దీనికో కథ ఉంది. అమెరికాలో బెల్ ల్యాబ్స్ అనే పేరుమోసిన పరిశోధనశాలలో స్టూవర్ట్ ఫెల్డ్‌మన్ అనే ఆయన 1976లో మేక్ రాశాడు. దానికి కారణం ఓ సహోద్యోగి పాట్లు. స్టీవ్ జాన్సన్ అని, ఆయనా సామాన్యుడు కాదు. తన ప్రోగ్రాములో తప్పు పట్టుకుని దిద్దాడు. దిద్దినా అదే తప్పు మళ్ళీ వస్తోంది. ఒక పూటంతా వెతికి వెతికి, చివరికి తెలిసిందేమిటంటే దిద్దిన ఫైలుని మళ్ళీ కంపైలు చెయ్యలేదు! కొత్త చారు ఒక గిన్నెలో పెట్టి, నిన్నటి గిన్నెలోది రుచి చూస్తూ "ఉప్పు తగ్గలేదేం?" అని తిట్టుకున్నట్టయింది. ఆ తిట్లు విన్న ఫెల్డ్‌మన్, ఈ కాపలా పని మనిషికి ఎందుకని, ప్రతి ఫైలు మీదా ఉండే తేదీ, వేళా చూసి, దినుసు కన్నా వంటకం పాతదయితే దాన్ని మళ్ళీ చెయ్యమనే సాధనం తయారుచేశాడు. 2003లో ఆయనకి దానికో పెద్ద బహుమానం కూడా ఇచ్చారు.

ఆయన చేసిన ఓ చిన్న పొరపాటు మాత్రం నేటికీ జనాన్ని పీడిస్తోంది. ఆ చిట్టాలో కొన్ని వరుసలు ట్యాబ్‌తోనే మొదలవ్వాలి. ఖాళీలు పెడితే ఒప్పుకోదు. కంటికి రెండూ ఒకటే! తరువాత మార్చుదామనుకునేసరికి అప్పటికే ఓ డజనుమంది వాడుతున్నారట. వాళ్ళని ఇబ్బంది పెట్టడం ఇష్టంలేక వదిలేశాడు. డజనుమంది మొహమాటానికి పోయి లక్షలమందిని యాభై యేళ్ళుగా అవస్థపెట్టిన ఉదాహరణ మరొకటి ఉంటుందనుకోను. మొహమాటం మన జిల్లాల సొత్తే అనుకునేవాణ్ణి.

ఇక్కడికి నాకు ఉత్సాహం వచ్చింది. ఇది నా శాఖ వ్యవహారమే! 1847లో మొదలెట్టి 1852కి కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టించాడు. అక్కడినుంచి తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకి పెద్ద కాలువలు, వాటినుంచి పిల్ల కాలువలు, వాటినుంచి పంట బోదెలు. శివారు చేలో నీళ్ళు రాకపోతే ఆనకట్ట తవ్విపోసుకోం. ఏ బోదెలో పూడిక పడిందో ఆ బోదె తీయిస్తాం. "అయితే ఒకటిరా" అన్నాను. "ఏ కాలువ కింద ఏ బోదె ఉందో పటంలో సరిగ్గా ఉండాలి. పటంలో లేని బోదె ఉందనుకో, దానికి నీళ్ళు రావు. రాలేదని ఎవరికీ తెలియదు, ఆ రైతుకి తప్ప."

మేనల్లుడు చాప మీదినుంచి లేచి నుంచున్నాడు. "మావయ్యా, నేను మూడు నెలలుగా చేస్తున్న పని అదే!"

చివాట్లు పెట్టడానికి వచ్చినవాణ్ణి, మెచ్చుకోలు పుచ్చుకుని కూర్చున్నాను.

లిబ్రే ఆఫీసు పుట్టుక పెద్దది. 1985లో జర్మనీలో మార్కో బోరీస్ అనే కుర్రవాడు పెట్టిన కంపెనీలో దాని బీజం పడింది. 1999లో సన్ కంపెనీ కొంది. 2000లో మూలాన్ని లోకానికి విడుదల చేశారు. సన్‌ని మరో కంపెనీ కొన్నాక, 2010 సెప్టెంబరులో కార్యకర్తలు కొందరు విడిపోయి లిబ్రే ఆఫీసు అని పేరు పెట్టుకున్నారు. ఇన్ని చేతులు మారిన ఇంట్లో సామాను ఎలా ఉంటుందో ఊహించుకోండి. లోపలి వ్యాఖ్యలు ఎన్నో జర్మన్ భాషలో ఉండేవి. ఆసక్తి ఉన్నవాళ్ళు కూర్చుని వాటిని ఏళ్ళ తరబడి ఇంగ్లీషులోకి మార్చారు. బిల్డు సంగతయితే మరీనూ. ఏ భాగానికి ఆ భాగం వేరే చిట్టా. వాటి మీద ఓ పెత్తందారు స్క్రిప్టు, ఒక్కొక్క గదికీ వెళ్ళి "మీ పని అయిందా?" అని అడుగుతూ తిరిగేది. ఈ గదిలో మారినదాని సంగతి ఆ గదికి తెలియదు. మా ఆఫీసులో సెక్షనుకో రిజిస్టరు ఉండి, ఏ రెండూ సరిపోకపోయేవి, అలాగ. దీనివల్ల అక్కర్లేనివి మళ్ళీ చెయ్యడం, కావలసినవి వదిలెయ్యడం, రెండూ జరుగుతాయని పీటర్ మిల్లర్ అనే ఆయన రాసిన వ్యాసం 1998లోనే అచ్చయింది. 2010 తరువాతి రెండు మూడేళ్ళలో లిబ్రే ఆఫీసు వాళ్ళు ఓపిగ్గా ఒక్కొక్క గదినీ ఖాళీ చేసి, మొత్తం ఇంటికి ఒకే పటం, ఒకే చిట్టా చేసుకున్నారు. వాడేవాడికి దీనివల్ల ఒక్క కొత్త మీట కూడా కనబడలేదు.

"కనబడకపోతే ఎందుకురా అంత శ్రమ?" అంది అక్కయ్య. న్యాయమైన ప్రశ్నే.

దానికి వాడు చెప్పిన జవాబు నన్ను ఆలోచనలో పడేసింది. ఇల్లు అందరిదీ, తలుపు తీసే ఉంది, రండి అంటారు. కాని గుమ్మం మనిషెత్తు ఉంటే? పెద్ద కంపెనీలో పనిచేసేవాడికి గదినిండా కంప్యూటర్లుంటాయి. వాడు అరగంటలో బిల్డు చేసేస్తాడు. మండపేటలో, పంచాంగాల మీద పెట్టిన పాత ల్యాప్‌టాపుతో, మధ్యలో కరెంటు పోతూ, ఒక్క మాట మార్చి ఫలితం చూడడానికి ఒక రాత్రంతా పడితే ఎవడు మారుస్తాడు? "మూలం అందరికీ ఇచ్చామంటే చాలదు మావయ్యా. అది నా చేత్తో నేను వండుకోగలిగితేనే అది నాకిచ్చినట్టు. ఇప్పుడు చూడు, మొదటిసారి రాత్రంతా పట్టింది. ఇకనుంచి ఒక ఫైలు మారిస్తే దానికి సంబంధించినవే మళ్ళీ అవుతాయి. కాఫీ తాగేలోపల అయిపోతుంది. అది ఎవరో బిల్డు స్క్రిప్టు బాగుచేసిన పుణ్యం."

అయితే వాడు చేసినది లిబ్రే ఆఫీసుకి కాదు, ఇంకో పెద్ద ప్రాజెక్టుకి. పేరు ఎందుకు లెండి. ఆ కథ వినండి. మావాడి కంప్యూటరులో అన్నీ తెలుగులోనే పెట్టుకున్నాడు, పట్టుదల మనిషి. ఆ ప్రాజెక్టు బిల్డు స్క్రిప్టు నడుస్తూ నడుస్తూ ఓచోట కంప్యూటరుని "ఇవాళ ఏ నెల?" అని అడుగుతుంది. అందరి కంప్యూటర్లూ ఇంగ్లీషులో చెప్తాయి. మావాడిది తెలుగులో చెప్పింది! స్క్రిప్టు తన దగ్గరున్న పన్నెండు ఇంగ్లీషు పేర్లలో దాన్ని వెతికింది. దొరకలేదు. తప్పయిందని చెప్పి ఆగినా బాగుండును; చడీచప్పుడూ లేకుండా ఆ భాగం వదిలేసి ముందుకు పోయింది. చివరికి తయారైన పెట్టెలో ఒక ఫైలు లేదు. ఎన్నాళ్ళుగా ఇలా అవుతోందో, ఎవరికీ తెలియదు. తెలుగు కంప్యూటరుతో అంతదూరం వెళ్ళినవాడు అంతకు ముందు ఉండి ఉండడు.

ఇది మన ఒక్కరికే వచ్చిన చిక్కు కాదట. టర్కీ భాషలో చిన్న 'ఐ' అక్షరాన్ని పెద్దది చేస్తే మీద చుక్క అలాగే ఉంటుంది. ఇంగ్లీషు పద్ధతిలో చుక్క పోతుందని నమ్ముకున్న స్క్రిప్టులు టర్కీవాళ్ళ కంప్యూటర్లలో ఎన్నిసార్లు బోర్లా పడ్డాయో లెక్కలేదు.

మావాడు దీనికి విరుగుడు ఒక్క వరుసలో రాశాడు. ఈ పని జరిగినంతసేపూ ఏ దేశపు భాషా మర్యాదలూ పాటించకు, ఒకే కట్టుబాటు మీద ఉండు అని దాని భావం. అంతర్జాలంలో పంపాడు. ఎక్కడో సముద్రాల అవతల దాన్ని చూసుకునే ఆయన "ఇదివరకు ఎవరూ చెప్పలేదే, రుజువేది?" అన్నాడు. రుజువు పంపాడు. "ఇది మళ్ళీ జరక్కుండా ఒక పరీక్ష కూడా రాయి" అన్నాడు. రాశాడు. రెండుసార్లు దిద్దమన్నాడు. దిద్దాడు. పదకొండు రోజులకి "కలిపాను, కృతజ్ఞతలు" అని జవాబు వచ్చింది.

"అంతేనా?" అంది అక్కయ్య. "మూడు నెలలు కూర్చుని ఒక్క వరుసా?"

"నాలుగు వరుసలమ్మా, పరీక్షతో కలిపి."

నవ్వొచ్చింది గాని, నవ్వడానికి వీల్లేని మొహం పెట్టింది అక్కయ్య. ఆవిడ భయం ఆవిడది. వంకాయ వేపుడుకి నూనె ఎక్కడినుంచి వస్తుంది? నేనూ ఆవిడ వైపే తిరిగాను. "ఒరేయ్, ఇది పుణ్యకార్యమే, కాదనను. కాని కాలువ పూడిక తీసిన కూలీకి ఏ రోజుకారోజు కూలి ఇచ్చేవాళ్ళం. నీకెవరిస్తున్నారు? నీ నాలుగు వరుసలూ వాడుకుని కోట్లు గడించే కంపెనీలు ఎన్ని లేవు?"

వాడు కాసేపు మాట్లాడలేదు. తరువాత చెప్పిన సంగతి విన్నాక నాకు ఆ రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు.

ఎక్స్‌జెడ్ అని ఒక చిన్న సాధనం. ఫైళ్ళని నొక్కి చిన్నవి చెయ్యడం దాని పని. ప్రపంచంలో లినక్సు మీద నడిచే సర్వర్లలో దాదాపు అన్నిటిలోనూ అది ఉంటుంది. మన బ్యాంకులు, రైలు టిక్కెట్లు, ఆస్పత్రులు, ఎన్నో అలాంటి యంత్రాల మీదే ఆధారపడ్డాయి. దాన్ని ఎన్నో యేళ్ళుగా ఒకే ఒక్క మనిషి, జీతం భత్యం లేకుండా, సరదా కొద్దీ చూసుకుంటూ వచ్చాడు. అలిసిపోయాడు. అనారోగ్యమని చెప్పుకున్నాడు. అలాంటి సమయంలో జియా టాన్ అనే పేరుతో ఎవరో వచ్చి సాయం చెయ్యడం మొదలెట్టారు. రెండేళ్ళపైన బుద్ధిగా, ఓపిగ్గా. మరికొన్ని కొత్త పేర్లు పుట్టుకొచ్చి "మీరు ఆలస్యం చేస్తున్నారు, ఇంకొకరికి అప్పగించండి" అని ఒత్తిడి పెట్టాయి. చివరికి తాళాలు చేతికి వచ్చాయి. 2024 ఫిబ్రవరిలో వచ్చిన కొత్త కూర్పులో దొంగదారి ఒకటి పెట్టారు. ఆ దారిన పోతే, దాన్ని పెట్టినవాళ్ళు ఆ కూర్పు పడిన యంత్రాల్లోకి చొరబడవచ్చు.

ఎక్కడ దాచారో తెలుసునా? అందరూ చదివే సోర్సులో కాదు. అసలు సరుకు పరీక్షల కోసం ఉంచిన ఫైళ్ళలో మూట కట్టారు. ఆ మూట విప్పి లోపల కలపమని చెప్పే వరుసల్ని బిల్డు స్క్రిప్టులో పెట్టారు. అదీ అందరికీ కనబడే మూలంలో కాక, విడుదల చేసే మూటలో మాత్రమే! ఎవరూ చదవరు గనక.

ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తన కంప్యూటరులోకి వెళ్ళడానికి మామూలుగా కన్నా అర సెకను ఎక్కువ పడుతోందేమని అనుమానపడి తవ్వాడు. 2024 మార్చి 29న లోకానికి చెప్పాడు. అప్పటికి అది పరీక్షలో ఉన్న కూర్పులకే చేరింది, స్థిరపడినవాటిలోకి పోలేదు. అర సెకను! మనం కాఫీ కప్పు కింద పెట్టేంత సేపు.

"అందుకని మావయ్యా, ఈ చిట్టాలు ఎవరయినా కూర్చుని చదవాలి. అర్థమయ్యేలా పొట్టిగా ఉంటేనే చదువుతారు. చాంతాడంత ఉండి, ముట్టుకుంటే ఏం కూలుతుందో అని అందరూ భయపడే స్క్రిప్టులోనే దొంగ నక్కగలడు." వాడు హైదరాబాదులో మానేసిన ఉద్యోగంలో అలాంటి స్క్రిప్టు ఒకటి ఉండేదిట. రాసినవాడు ఎప్పుడో వెళ్ళిపోయాడు. నడుస్తోంది గనక దేవుడి గదిలో దీపంలా ఎవరూ ముట్టుకునేవారు కాదుట. మావాడు ముట్టుకుందామన్నాడు. వద్దన్నారు. అక్కడినుంచి మొదలయింది పేచీ. ఇది అక్కయ్యకి ఇప్పటిదాకా చెప్పలేదు.

ఇంకో ప్రయత్నం కూడా చెప్పాడు. డెబియన్ అనే ప్రాజెక్టువాళ్ళు 2013నుంచి చేస్తున్నది. ఒకే మూలాన్ని వేరు వేరు ఊళ్ళలో వేరు వేరు మనుషులు బిల్డు చేస్తే, వచ్చినది అక్షరం తేడా లేకుండా ఒకటే కావాలి. అప్పుడు ఎవరు మధ్యలో ఏం కలిపినా వెంటనే బయటపడుతుంది. వినడానికి సులువు. కాని బిల్డు చేసిన వేళా, ఫైళ్ళు దొరికిన వరుసా, ఊరి గడియారం, చివరికి భాష కూడా లోపలికి దూరిపోయి తేడాలు తెస్తాయి. మావాడి తెలుగు నెల అలాంటిదే. ఆత్రేయపురంలో ఒకే ఇంట్లో ఒకే చేత్తో తీసిన రెండు పూతరేకులు ఒక్కలాగ ఉండవు, వీళ్ళు వెయ్యి ఇళ్ళలో ఒక్కలాగే ఉండాలంటున్నారు.

నా అభిప్రాయం చెప్పాలంటే, ఇంత అవసరమైన పని జీతం లేనివాళ్ళ ఓపిక మీద నడవడం సిగ్గుచేటు. ఆ ఎక్స్‌జెడ్ ఆయన అలిసిపోయినప్పుడు నిజంగా సాయం చేసేవాడు ఒక్కడుంటే, దొంగకి సందు దొరికేదా? అలాగని మా మేనల్లుడు మండపేట చాప మీద ఆ ఖాళీ పూడ్చాలనీ నేననను. దసరా దాకా గడువు పెట్టుకున్నాడు. ఈ లోపల ఇలాంటి పనికే జీతమిచ్చేవాళ్ళు దొరికితే సరే, లేకపోతే మామూలు ఉద్యోగం చూసుకుని, దీన్ని ఆదివారాలకి పెట్టుకుంటాడు. ఈ ఒప్పందం నా సమక్షంలో జరిగింది. అక్కయ్య రెండుసార్లు చెప్పించుకుంది.

రాత్రి భోజనాలయ్యాక కరెంటు పోయింది. ల్యాప్‌టాపు బ్యాటరీ పాతది, పావుగంటలో అదీ ఆరిపోయింది. చీకట్లో అక్కయ్య గొంతు వినబడింది: "అయ్యో, నిన్నటినుంచీ వండినదంతా పోయిందేమిట్రా?"

"పోదమ్మా. కరెంటు పోయేసరికి సగం రాసి ఉన్న ఫైళ్ళేవో చూసి, అవి చెరిపేస్తాను. తక్కినవి ఎక్కడివక్కడే. ఎక్కడ ఆగిందో అక్కడినుంచే మొదలెడుతుంది."

ఆవిడ ఏమీ అనలేదు. విసనకర్ర చప్పుడు మాత్రం వినబడింది చాలాసేపు.

మర్నాడు పొద్దున్న బస్సు దాకా వచ్చింది. నేనే ఎత్తాను: "చివాట్లు పెట్టలేదని కోపమా?"

"అది సరే గాని," అంది, కొంగుతో చెమట తుడుచుకుంటూ. "మీ ఇంట్లో పాత పంచాంగాలేమయినా ఉన్నాయిట్రా? ఈసారి వచ్చేటప్పుడు ఓ రెండు పట్రా. వాడి పెట్టెకి ఈ ఎత్తు చాలటం లేదు, కింద మహా కాలిపోతోంది."